గోరుమందం ఖాళీ

నేను ఒక రబ్బరు దిమ్మని. కింద ఒక ఇనప పలక, పైన ఒక ఇనప పలక, మధ్యలో జానెడు వెడల్పున నల్లటి రబ్బరు. ఓడలో ఇంజిన్ కింద కూర్చుని, దాని అదురు ఓడంతా పాకకుండా మధ్యలోనే మింగేయడం నా ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగాలు చేసేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడుకోరు. పని సవ్యంగా సాగినంతకాలం మేము ఉన్నట్టే తెలియదు. ఏదైనా చెడితే మాత్రం అందరికీ ముందు మేమే గుర్తొస్తాం. నా విషయంలో నేను చెడిపోకుండానే గుర్తొచ్చాను.

నేను పుట్టింది విశాఖపట్నంలో, ఆటోనగర్ వెనక వరసలో ఉన్న ఒక రేకుల షెడ్డులో. షెడ్డు యజమాని దమయంతి గారు. ఆవిడ చాలాకాలం కుక్కరు గాస్కెట్లు, మిక్సీ కాళ్ల కింద బిళ్లలు చేసింది. ఊళ్లో సగం వంటిళ్లలో అన్నం ఉడికింది తన రబ్బరు వల్లే అని చెప్పుకునేది, అందులో పెద్ద అతిశయోక్తి లేదు. షెడ్డులో పనిచేసేవాళ్లందరూ ఆడవాళ్లే. కేరళ నుంచి వచ్చిన రబ్బరు పలకల్ని రెండు రోలర్ల మధ్య వేసి, నల్లపొడి చల్లి, పూరీపిండి పిసికినట్టు పిసికేవారు. ఆ తర్వాత అచ్చులో పెట్టి వేడి మీద నొక్కడం. పుట్టగానే నన్నెవరూ ముద్దాడలేదు గానీ, దమయంతి గారు గోటితో గిల్లి, మడమతో తొక్కి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసింది. అంత శ్రద్ధగా నన్ను మళ్లీ ఎవరూ చూడలేదు.

నన్ను చేయమని అడిగింది తనూజ అనే ఇంజినీరు. ముప్పై దాటిన మనిషి. పాత ఓడలలో అదురు తగ్గించడం ఆమె వృత్తి. కొత్త ఓడలకైతే కట్టేటప్పుడే ఈ ఏర్పాట్లన్నీ చేస్తారట. పాతవాటికి, కాపురం చేస్తున్న ఇంట్లో గోడ తీసి గుమ్మం పెట్టినట్టు, ఉన్నదాన్ని ఉన్నచోటే సర్దాలి. ఆమె వచ్చి దమయంతి గారితో తనకేం కావాలో చెప్పింది.

"ఇది ఇంజిన్‌ని మోయాలండీ. కానీ గట్టిగా పట్టుకోకూడదు."

"మోయాలి, పట్టుకోకూడదు," అని దమయంతి గారు నవ్వింది. "మా ఇంట్లో నేను చేస్తున్నది అదేనమ్మా. నాకు నువ్వు నేర్పక్కర్లేదు."

అలా నేనూ, నా తోబుట్టువులూ ఒక చెక్కపెట్టెలో సర్దుకుని కాకినాడ చేరాం.

ఓడ పేరు చంపావతి. సముద్రంలో చమురు బావుల దగ్గరికి సరుకులూ మనుషులూ తీసుకెళ్లి, అవసరాన్ని బట్టి అక్కడే రోజుల తరబడి కాపలా ఉండే ఓడ. వయసు ఇరవై దాటింది. ఓడని నడిపే ఇంజిన్లు వేరే ఉన్నాయి, మమ్మల్ని తెచ్చింది వాటికోసం కాదు. కరెంటు పుట్టించే ఇంజిన్ ఒకటుంది. సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఓడ నడిచినా ఆగినా దానికి విశ్రాంతి లేదు. పైగా దాన్ని కట్టినవాడెవడో సరిగ్గా మనుషులు పడుకునే గదుల కింద పెట్టాడు. పుట్టిన నాటి నుంచి దాన్ని ఓడ ఇనుముకే నేరుగా బిగించేశారు. అది అదిరితే ఓడ అదిరేది, ఓడ అదిరితే మంచం అదిరేది. అద్దంలో ముఖం రెండుగా కనిపించేది, గడ్డం గీసుకుంటే తెగేది. భోజనాల బల్ల మీద కంచాలు నడిచి వెళ్లిపోతుంటే వంటవాడు బల్లంతా తడిగుడ్డ పరిచేవాడు. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. తడిగుడ్డ ఎందుకు పరుస్తున్నారో కొత్తగా చేరినవాళ్లు అడిగితే, "అది ఈ ఓడ ఆచారం" అని చెప్పేవారు.

ఆ ఇంజిన్ని చూసుకునే మనిషి నూకరాజు. మొదట చేపల బోట్ల మీద పనిచేసి, చంపావతి నీళ్లలో దిగిన ఏడాదే దీనిమీదికి వచ్చాడు. ఇంకో ఓడ ఎక్కలేదు. ఇక ఎక్కనిచ్చే వయసూ కాదు. రేవులో ఆయన్ని 'బిగింపు నూకరాజు' అనేవారు. అది అప్పట్లో పొగడ్త. ఆయన చెయ్యి పడిన నట్టు సముద్రం తిరగబడ్డా ఊడదని పేరు. ఓడ కట్టు విప్పే ముందు ఆయనకొక పద్ధతి ఉండేది. పెద్ద స్పానర్ కళ్లకద్దుకుని, ఇంజిన్ చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు కుడివైపుగా తిరిగేవాడు. దారిలో కనపడిన ప్రతి నట్టునీ ఒక్కసారి లాగి చూసేవాడు. ఆ లాగడం పూర్తయ్యాకే పైకి కేకేసేవాడు, "ఇంక పోనియ్యండి" అని. ఆ కేక వినకుండా కెప్టెను కూడా ఓడ కదిపేవాడు కాదట.

మమ్మల్ని తెచ్చిన కారణం నూకరాజుకి బాగా తెలుసు. బావుల కంపెనీవాళ్లు ఖండితంగా చెప్పేశారు: మా మనుషులు మీ ఓడలో నిద్రపోలేకపోతున్నారు, గదుల్లో అదురు మేం కొలిచి చూస్తాం, తగ్గితే ఈ ఓడని ఉంచుకుంటాం, లేకపోతే వేరేది చూసుకుంటాం. వాళ్లు వద్దంటే ఈ వయసు ఓడని అడిగేవాళ్లు లేరు. పడమటి తీరంలో ఓడల్ని ముక్కలుగా కోసే చోటికి పంపేయడమేనని ఓడ కంపెనీ మేనేజరు బసవరాజు గారు అందరి ముందూ చెప్పాడు. ఆ మాట విన్నాక నూకరాజు పొట్లం విప్పుకుని అన్నం తిని, ఇంజిన్ని గుడ్డతో తుడిచాడట. అప్పటికే తుడిచి ఉన్నదాన్ని.

ఇంజిన్ని జాకీలతో ఎత్తి, పాత ఇనప దిమ్మల్ని తీసి, మమ్మల్ని ఒక్కొక్కరినే పెడుతుంటే ఆయన పక్కనే నిలబడ్డాడు, సొంతవాళ్లకి ఆపరేషన్ జరుగుతున్న మనిషిలా. నన్ను ముందు వరసలో ఎడమ మూల పెట్టబోతున్నారు. ఆయన వంగి బొటనవేలితో నా రబ్బరు నొక్కాడు. వేలు దిగింది. ముఖం చిన్నబోయింది.

"ఇదేంటండి మేడంగారు, సెప్పు ముక్క. దీని మీద నిలబెడతారాండి దాన్ని?"

"చెప్పు ముక్కే అనుకోండి బాబాయ్ గారూ," అంది తనూజ. "ఇంత బరువుతో నిలబడి పనిచేసేవాళ్లకి మంచి చెప్పులుండాలి కదా."

ఆయన నవ్వలేదు.

నా సంగతి ఇంకొకటి చెప్పాలి. కథంతా దాని మీదే తిరిగింది. మాలో ప్రతి ఒక్కరి పక్కనా ఒక బోల్టు నిలువుగా ఉంటుంది, దాని పైన ఒక నట్టు. ఆ నట్టు దేన్నీ బిగించి పట్టడానికి కాదు. తుఫానులో ఓడ ఒరిగినప్పుడు ఇంజిన్ ఎగిరి పడకుండా, ఎగిరితే ఎంతవరకో అంతవరకే అని ఆపడానికి. కాబట్టి మామూలు రోజుల్లో ఆ నట్టు ఇంజిన్ పాదాన్ని తాకకూడదు. రెండింటి మధ్యా గోరుమందం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోనే ఇంజిన్ తన అదురు తాను అదురుతుంది, నేను మింగుతాను, పైన మనుషులు పడుకుంటారు. తనూజ పల్చటి ఇనపరేకు పెట్టి ఒక్కొక్క నట్టు కింద ఆ ఖాళీని తన చేత్తో సరిచూసింది. ఆ తర్వాత పైకెళ్లి, మీటింగులో, మేనేజరుకీ చీఫ్ ఇంజినీరుకీ, ఆ నట్లు ముట్టుకోకూడదని చెప్పింది. వాళ్లు తలలూపారు. నూకరాజు ఆ సమయానికి కింద ఇంజిన్ తుడుస్తున్నాడు. కింద జరగాల్సిన పని గురించి మాట పైన జరగడం మనుషుల్లో ఉన్న పద్ధతి. అందరూ విన్నామనుకుంటారు.

రేవులోనే ఇంజిన్ని మొదటిసారి తిప్పారు. మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ ముసలావిడ పీట మీంచి లేచినట్టు ఒళ్లంతా ఒకసారి ఊగింది. నూకరాజు తనూజ వైపు తిరిగాడు.

"ఊగుతుందండి."

"ఊగాలండీ. ఊగనివ్వడానికే ఇదంతా," అంది తనూజ, మెట్లెక్కుతూనే.

ఆమె దృష్టిలో సమాధానం అయిపోయింది. ఆయన దృష్టిలో మొదలే కాలేదు. ఇన్నేళ్లూ ఊగకుండా చూసినందుకు తనకు పేరొచ్చింది. ఇప్పుడు ఊగనివ్వమంటే ఏమిటర్థం?

కొలతకి సముద్రంలోకి బయల్దేరే రోజు వచ్చింది. బావుల కంపెనీవాళ్ల ఇన్‌స్పెక్టరు అదురు కొలిచే పెట్టెతో ఎక్కాడు. కట్టు విప్పే ముందు నూకరాజు మామూలుగానే స్పానర్ కళ్లకద్దుకుని ప్రదక్షిణం మొదలుపెట్టాడు. ముందు వరస ఎడమ మూల కాబట్టి ఆయనకు మొదట తగిలింది నేనే. వంగి నట్టు చూశాడు. నట్టు కింద ఖాళీ చూశాడు. ఖాళీ అంటే ఆయన లెక్కలో పని మధ్యలో వదిలేశారని. నాలుక చప్పరించి, "కుర్రపిల్ల కదా, సెయ్యి సాల్లేదు," అని జాలిగా అనుకుని, స్పానర్ తగిలించి లాగాడు. బిగింపు నూకరాజు లాగుడు అది. నా మీద ఇంజిన్, ఇంజిన్ మీద నట్టు, అందరం కలిసి ఒకే ఇనప ముద్ద అయిపోయాం. నేను రబ్బరునన్న సంగతి నాకే గుర్తులేకుండా పోయింది. ఆయన చుట్టూ తిరిగి నా తోబుట్టువులందరికీ అదే మర్యాద చేసి, చెయ్యి తుడుచుకుని పైకి కేకేశాడు. "ఇంక పోనియ్యండి!"

ఆయన అది చేసింది ఓడని కాపాడడానికే. ఇది మాత్రం నేను గట్టిగా చెప్పగలను. లాగుతున్నప్పుడు ఆ చేతిలో ఉన్నది భయం, ప్రేమ. రెండూ ఉన్న చెయ్యి చాలా గట్టిగా లాగుతుంది.

కొలత ఫలితం మీరు ఊహించగలరు. గదుల్లో అదురు ముందెంత ఉందో అంతే ఉంది, ఒకటి రెండు చోట్ల పెరిగింది కూడా. ఇన్‌స్పెక్టరు అంకెలు రాసుకుని పెట్టె మూసుకున్నాడు. ఒడ్డు చేరాక బసవరాజు గారు మాట్లాడాడు. ఆయన కోపం అంతా నా మీదే.

"కుక్కరు గాస్కెట్లు చేసుకునే షెడ్డులో ఓడ సామాను చేయిస్తే ఇలాగే ఉంటుంది. రబ్బరు పనికిరాదు, అంతే. నూకరాజూ, రేపు పొద్దున్నే ఆ దిమ్మలన్నీ విప్పించెయ్. ఓడని కోతకి పంపేద్దాం, కోసేవాళ్లకి అవెందుకు."

తనూజ ఇంజిన్ గది మెట్ల మీద నిలబడి ఫోనులో దమయంతి గారితో మాట్లాడింది. రబ్బరు మరీ గట్టిగా వచ్చిందేమో అని అడిగింది. అవతల నుంచి దమయంతి గారి గొంతు నాక్కూడా వినిపించింది.

"నా సరుకు నేనెరుగుదును తల్లీ. అయినా ఒకటి పంపించు, కోసి చూసుకుంటాను. తప్పు నాదైతే షెడ్డుకి తాళం వేసేస్తాను."

నిజం చెబుతున్నాను, ఆ పూట నన్ను నేనే అనుమానించాను. అందరూ నువ్వే పనికిరావంటే, రబ్బరుకైనా అలాగే అనిపిస్తుంది. తనూజకి ఆ ఖాళీ మళ్లీ చూడాలని తోచలేదు. తన చేత్తో సరిచూసుకున్న పనిని మనుషులు రెండోసారి చూడరు. అన్నిటికన్నా ముందు అనుమానించాల్సిన చోటు వాళ్లకి అసలు అనుమానమే రాని చోటు.

ఆ సాయంత్రం నూకరాజు ఇంట్లో జరిగింది నేను చూసింది కాదు. తర్వాత భూలక్ష్మి నోటి నుంచి చాలాసార్లు విన్నాను. భూలక్ష్మి నూకరాజు భార్య. ఇల్లు జగన్నాథపురంలో, పక్కింటికీ వీళ్లకీ మధ్య ఒకటే గోడ.

ఆ ఇంట్లో ఒక విడ్డూరం ఉండేది. ఊళ్లో అందరి నట్లూ బిగించే మనిషి, తన మంచం పక్క టేబుల్ ఫ్యానుకి ఒక స్క్రూ మాత్రం వదులుగా ఉంచేవాడు. ఫ్యాను గడగడలాడుతుంటేనే ఆయనకి నిద్ర. ఓడలో అదురుకి అలవాటుపడ్డ ఒళ్లు, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో కన్ను మూయనిచ్చేది కాదు. భూలక్ష్మి ఒకసారి ఆ స్క్రూ బిగిస్తే పెద్ద రభస చేశాడట.

ఆవేళ ఆయన ఇంటికొచ్చేసరికి భూలక్ష్మి గ్రైండరులో ఇడ్లీపిండి వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. గ్రైండరు కొత్తది. నున్నటి గచ్చు మీద తిరుగుతూ తిరుగుతూ నడిచిపోయేది. కిందటిసారి ఒడ్డుకొచ్చినప్పుడు నూకరాజు దాన్ని గోడకి ఆనించి, ఇటుపక్క ఒక ఇటుక బిగించి కొట్టాడు. గ్రైండరు మరి కదల్లేదు. కానీ అది తిరిగినప్పుడల్లా గోడ మీద అలమరలో స్టీలు గిన్నెలన్నీ గలగలమనేవి.

"ఏవయ్యా, ఆ ఇటిక నువ్వే పెట్టావా?"

"ఆయ్, నేనే. నడిసెల్లిపోతంది కదా, ఆపాను."

"ఆపావు. ఇప్పుడు గోడ నడుత్తంది. పక్కింటి వరాలమ్మ వచ్చి తిట్టిపోయింది. ఆళ్ల గోడకున్న దేవుడి పటం పడి అద్దం పగిలిందంట."

"మేకు సరిగ్గా కొట్టుకోలేదేమో."

"లోకంలో ఏది పడినా తప్పు మేకుదే నీకు!"

ఆవిడ గ్రైండరు ఆపి, కాలితో ఇటుకని ఒక్క తన్ను తన్నింది. దాన్ని గోడకి దూరంగా లాగి, మూలనున్న తెగిపోయిన హవాయి చెప్పులు తెచ్చి, కత్తిపీట మీద ముక్కలు కోసి, నాలుగు కాళ్ల కిందా తోసింది. మళ్లీ స్విచ్ వేసింది. గ్రైండరు ఉన్నచోటే నిలబడి అటూ ఇటూ ఊగుతూ తిరిగింది. అలమరలో గిన్నెలు నోరు మూసుకున్నాయి.

"ఊగుతుందే," అన్నాడు నూకరాజు.

"ఊగనీ. దాని ఊగుడు అది ఊగుద్ది. దాన్ని నువ్వు బిగబట్టి గోడకి ఆనిత్తే, అది ఊరుకుంటదా? గోడని ఊపుద్ది."

అని ఆవిడ పిండి కలిపే పనిలో పడింది. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే మొగుడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. వంగి గ్రైండరు కాలి కింద చెప్పు ముక్కని బొటనవేలితో నొక్కుతున్నాడు. "ఏమయిందయ్యా, ఒంట్లో బాలేదా?" అంటే లేచి చెయ్యి కడుక్కున్నాడట. అన్నం దగ్గర కూర్చుని, తినకుండా, "పాడు సేసింది నేనే భూలచ్చీ" అన్నాడట. ఏం పాడుచేశావంటే కంచం పక్కకి జరిపి లేచాడట.

మర్నాడు పొద్దున్నే విప్పేవాళ్లు రాకముందే ఆయన కిందకి దిగాడు. రేవులో ఉన్నప్పుడు ఓడకి కరెంటు ఒడ్డు నుంచి వస్తుంది, కాబట్టి ఇంజిన్ ఆపి ఉంది. ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి, స్పానర్ తగిలించి, నా నట్టు ఒక పట్టు వదులు చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వంగి చూసి, నట్టు కింద గోరు దూర్చాడు. దూరింది. ఆయన ఒక డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

ఆ కూర్చున్నంతసేపూ ఆయన ఏం ఆలోచించాడో నాకు తెలుసు, ఎందుకంటే ఆలోచించడానికి ఉన్నవి రెండే. మేనేజరు విప్పమన్నాడు. చెప్పినట్టు అన్నీ విప్పేస్తే సరి. నట్లు ఎలా ఉన్నాయన్నది ఇంక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. తప్పు రబ్బరుది, విశాఖపట్నం షెడ్డుది, ఆ ఇంజినీరు పిల్లది. ఓడ పోతుంది, కానీ బిగింపు నూకరాజు పేరు అలాగే ఉంటుంది. లేదా చెప్పాలి. చెబితే ఓడ ఉండొచ్చు. తనని మాత్రం ఉంచుతారో లేదో చెప్పలేం.

ఆయన లేచి, నా నట్టుని మళ్లీ బిగించాడు. నిన్నటంత బిగింపూ. నాకు కోపం రావాల్సింది, వచ్చింది కూడా. తర్వాత గానీ అర్థం కాలేదు. ఎలా పాడుచేశాడో అలాగే ఉంచి చూపించాలనుకున్నాడు.

పైకెళ్లి తనూజనీ, బసవరాజు గారినీ వెంటబెట్టుకొచ్చాడు. మేనేజరు చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది.

"మేడంగారండి, ఆ కొలిసే పెట్టె మీ దగ్గరుందాండి?"

"నాది ఉంది. ఎందుకు బాబాయ్ గారూ?"

"నేను ఇంజిన్ తిప్పుతాను. మీరు పైన నా గదిలో కొలిసి రండి. ఆనక నేనొకటి సేత్తాను. మళ్లీ కొలవండి."

"ఏంటిది నూకరాజూ, విప్పమని కదా చెప్పాను?" అన్నాడు బసవరాజు గారు.

"ఇప్పుతానండి. ఒక్క పావుగంట."

ఇంజిన్ తిప్పాడు. తనూజ పైన కొలిచి వచ్చింది, నిన్నటి లెక్కే. ఆయన ఇంజిన్ ఆపి, ప్రదక్షిణం మొదలుపెట్టాడు. ఈసారి ఎడమవైపుగా. ఒక్కొక్క నట్టునీ వదులు చేస్తూ తిరుగుతుంటే తనూజ చూస్తూ నిలబడింది. రెండోదానికే ఆమెకి అర్థమైంది. జేబులోంచి ఆ పల్చటి రేకు తీసి ఆయన వెనకే నడిచింది. ఆయన వదులు చేయడం, ఆమె రేకు పెట్టి చూసి తలూపడం. చివర నా దగ్గర ఆయన గోరు పెట్టాడు, ఆమె రేకు పెట్టింది. రెండూ ఒకటే చెప్పాయి.

ఇంజిన్ మళ్లీ తిరిగింది. అది తన ఇష్టం వచ్చినట్టు అదిరింది, నేను నా ఇష్టం వచ్చినట్టు మింగాను. రేవులో ఆ మొదటి తిప్పుడు తప్పిస్తే, ఉద్యోగంలో చేరాక నేను నిజంగా చేసిన మొదటి పని అది. పైన గదిలోకి ముగ్గురూ వెళ్లారు. తిరిగి వచ్చాక చూస్తే బసవరాజు గారి చేతిలో టీ గ్లాసు లేదు. నూకరాజు గదిలో బల్ల మీద పెట్టి, అది కదలకుండా ఉండడం చూసి, ఇంకా కదులుతుందేమోనని కాసేపు నిలబడి, అక్కడే మరిచిపోయి వచ్చాడట.

"మరి నిన్న ఎందుకు..." అని ఆయన తనూజ వైపు తిరిగాడు.

"నేనే బిగించానండి," అన్నాడు నూకరాజు. ఇంజిన్ హోరులో వినపడదేమోనని మళ్లీ గట్టిగా అన్నాడు. "కొలతకెళ్లే రోజు పొద్దున్న నేనే బిగించాను. సందుంటే వదిలేశారనుకున్నాను. ఎవరూ సెప్పలేదండి. నేనూ అడగలేదు."

"ఇన్నేళ్ల సర్వీసున్న మనిషివి..."

"ఇన్నేళ్లుండబట్టే బిగించానండి. బిగించింది నేనే, ఇప్పిందీ నేనే. నన్ను దింపెయ్యండి పోనీ. ఓడని మట్టుకు కోతకి పంపకండి."

తనూజ ముందుకొచ్చింది. "ఆ నట్లు ముట్టుకోకూడదని నేను పైన చెప్పాను సర్, కింద చెప్పలేదు. ఊగుతోందని ఆయన నన్ను అడిగారు కూడా. మెట్లెక్కుతూ ఏదో జవాబిచ్చి వెళ్లిపోయాను."

"ఎవరి తప్పయినా," అన్నాడు బసవరాజు గారు విసుగ్గా, "బావులవాళ్లని మళ్లీ రమ్మని బతిమాలాల్సింది నేను. ఏమని బతిమాలను? మా నట్టు బిగుసుకుపోయింది, ఇంకోసారి వచ్చి చూడండి అనా?"

"నా పేరే సెప్పండి," అన్నాడు నూకరాజు. "ఇంజిన్ డ్రైవరు తెలీక బిగించేశాడనండి. అది అబద్ధం కూడా కాదు కదండి."

మేనేజరు అదే చెప్పాడు. ఇన్‌స్పెక్టరు రెండోసారి వచ్చాడు, గదిగదికీ పెట్టె పెట్టి కొలిచాడు, కొలిచిందే మళ్లీ కొలిచాడు. దిగేటప్పుడు నూకరాజుని చూసి, "ఆ నట్లాయన మీరేనా?" అని అడిగాడు. ఓడ ఉండిపోయింది. నూకరాజునీ ఉంచారు, కానీ ఆ మాటకి ముందు బసవరాజు గారు ఆయన్ని చాలారోజులు ఎదురుచూసేలా చేశాడు. దమయంతి గారి షెడ్డుకి తాళం పడలేదు. తనూజ ఆ తర్వాత ఏ ఓడకి వెళ్లినా, మీటింగు కిందే పెట్టండని అడిగేదట.

'బిగింపు నూకరాజు' అన్న పేరు మాత్రం అక్కడితో పొగడ్తగా ఉండడం మానేసింది. రేవులో ఎవడో ఒకడు కేకేసేవాడు, "ఏం మావా, మొలతాడన్నా వదులు సేసుకున్నావా?" అని. నూకరాజు ఆగకుండానే జవాబిచ్చేవాడు, "నీ నోటికి సరిపడే నట్టే దొరకలేదురా, దొరికితే అదొక్కటీ బిగిద్దును." అందరూ నవ్వేవారు. ఆయన నవ్వు మొదట్లో కొంచెం తక్కువగా ఉండేది. తర్వాత్తర్వాత సరిపోయింది.

మొదటి ప్రయాణంలో ఓడలో ఎవరికీ నిద్రపట్టలేదు. ఒకరి తర్వాత ఒకరు కిందకి దిగి, ఇంజిన్ ఆగిపోలేదు కదా అని చూసి వెళ్లేవారు. వంటవాడు తడిగుడ్డ పరవడం మానలేదు. ఎందుకని అడిగితే ఈ ఓడ ఆచారం అన్నాడు.

నూకరాజు ప్రదక్షిణం కూడా మానలేదు. స్పానర్ కళ్లకద్దుకునేవాడు, భుజం మీద వేసుకునేవాడు, మిగతా నట్లన్నీ లాగేవాడు. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్పానర్ కింద పెట్టి, వంగి, ఒక్కొక్క నట్టు కిందా బొటనవేలి గోరు దూర్చి చూసేవాడు. ఆ ఒక్క గోరు ఆయన కత్తిరించుకునేవాడు కాదు. అందరి కిందా ఖాళీ ఉందని తేలాక పైకి కేక. మా అందరిలోకీ ముందు ఆ గోరు తగిలేది నాకే.

రబ్బరు కూడా ముసలిదవుతుంది. నూనె ఆవిరి, వేడి, కొన్నేళ్ల బరువు కలిసి నన్ను గట్టిపరిచాయి. ఒళ్లంతా సన్నటి పగుళ్లు వచ్చాయి. దమయంతి గారి షెడ్డు నుంచే కొత్తవాళ్లు వచ్చారు. పెట్టె విప్పగానే చూశాను, నల్లగా నిగనిగలాడుతున్నారు, అచ్చు నేనే. మమ్మల్ని విప్పి రేవులో తుక్కు కుప్ప మీద పడేశారు. పాత గొలుసులు, విరిగిన పైపులు, తుప్పు పట్టిన ఒక స్టవ్వు, వాటి మధ్య మేము. ఇక ఇదే అనుకున్నాను. నూకరాజు ఉద్యోగం కూడా ఆ రోజుల్లోనే ముగిసింది. ఆఖరి రోజు ఆయనకి శాలువా కప్పి, ఇంకేమైనా కావాలా అని అడిగితే, తుక్కులోంచి ఆ నాలుగు మూలల దిమ్మలు ఇప్పించండి అన్నాడట. నవ్వి ఇచ్చేశారు.

మేము సంచిలో ఇల్లు చేరినప్పుడు భూలక్ష్మి విప్పి చూసి తల పట్టుకుంది.

"అందరూ ఓడ దిగేటప్పుడు ఏవేవో తెచ్చుకుంటారు. ఈయన సెప్పు ముక్కలు తెచ్చాడు!"

ఇప్పుడు మా నలుగురి మీదా ఒక చెక్కపలక, పలక మీద గ్రైండరు. ఓడ ఇంజిన్ని మోసినవాళ్లకి ఇదొక బరువు కాదు. నిజం చెప్పాలంటే మేము దీనికి అవసరానికి మించి గట్టివాళ్లం, ఆ హవాయి ముక్కలే బాగా పనిచేసి ఉంటాయి. భూలక్ష్మికి అది తెలుసనే నా అనుమానం. అయినా తీసేయలేదు. పిండి రుబ్బేటప్పుడు ఎవరైనా వచ్చి కిందవేమిటని అడిగితే, ఇటుక దగ్గర మొదలుపెట్టి మొత్తం చెబుతుంది. వరాలమ్మ దేవుడి పటం పగలడం ఒక్కొక్కసారి ఒక్కొక్కలా చెబుతుంది. మొగుడు ఓడ దగ్గర తన తప్పు ఒప్పుకున్న చోటికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిస్తుంది. ఆయన పక్కగదిలో ఉంటాడు కదా.

మొన్నొక మధ్యాహ్నం ఆవిడ మంచం పక్కన ఊడుస్తూ ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు. వంగి చూసింది.

"ఏవయ్యా, ఈ స్క్రూ ఎప్పుడు బిగించావు?"

"ఎప్పుడో."

"మరి నిద్రో?"

"పడతంది."

ఆవిడ చీపురు మూలన పెట్టింది. వంటింట్లోకి వచ్చి గ్రైండరులో పప్పు వేసి స్విచ్ నొక్కింది. కాసేపటికి ఆయన మంచినీళ్లకని వచ్చాడు. నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, వెళుతూ వెళుతూ గ్రైండరుకీ గోడకీ మధ్య అరచెయ్యి నిలువుగా దూర్చాడు. చెయ్యి ఎక్కడా తగలకుండా అటు నుంచి ఇటు వచ్చింది. ఆయన వెళ్లి పడుకున్నాడు.